చాప పరిచి ఇల్లు చూసే మనిషి

పోయిన నెలలో మా ఆఫీసు డీటీపీ ఆపరేటరు ఇల్లు మారే పనిలో పడ్డాడు. ఒకరోజు మధ్యాహ్నం క్యారేజీ విప్పుతూ, "రైల్వే గేటు అవతల మంచి గది ఖాళీ అయిందండి. అందులో ఉండే ముసలావిడ పోయారట, తోడున్నావిడ వేరే చోటికి వెళ్లిపోయిందట. ఆ ముసలావిడ ఇళ్లు చూపించే మనిషేనట, చంకలో చాప పెట్టుకుని తిరిగేదట" అన్నాడు.

అలా తెలిసింది నాకు. ఇన్నేళ్లు పత్రికలో పనిచేశాక చావు కబుర్లు ఎన్ని రకాలుగానో విన్నాను. టు-లెట్ కబురుగా వినడం మాత్రం ఇదే మొదలు. ఆవిడైతే ఇందులో తప్పేమీ పట్టేది కాదు. గది ఎందుకు ఖాళీ అయిందన్నది ఆవిడకి ఎప్పుడూ రెండో ప్రశ్నే. మొదటి ప్రశ్న, "తలుపు లోపలికి తెరుసుకుంటాదా, బయటికా?"

అనకాపల్లి బెల్లం మార్కెట్ వెనక వీధుల్లో అందరూ ఆవిడని చాపల మామ్మ అనేవారు. అసలు పేరు ఓటరు కార్డు మీద ఉండేది. ఆ పేరు పెట్టి పిలిస్తే తనని కాదనుకుని నడిచిపోయేది కాబట్టి ఇక్కడా రాయను. సన్నటి మనిషి. నడుం కాస్త వంగింది. ఒక చంకలో చుట్ట చుట్టిన చాప, ఇంకో చేతిలో గొడుగు. వానైనా ఎండైనా ఆ గొడుగు విప్పగా నేను చూడలేదు. మూసి ఉన్న తలుపులు కొట్టడానికీ, పై అంతస్తు మెట్లెక్కడానికీ వాడేది.

రావికమతం నుంచో, నాతవరం నుంచో మార్కెట్‌లో బస్తాలు మోసే కళాసీ పనికి, అచ్యుతాపురం వైపు కంపెనీల్లో పనికి కుటుంబాలు దిగేవి. సామానంతా ఆటోలో పెట్టుకుని, చిన్న పిల్లని ఒళ్లో పెట్టుకుని, మార్కెట్ గేటు దగ్గర ఎవరినడిగినా ఈవిడ దగ్గరికే పంపేవారు. మూటలు ఆటోలోనే ఉంచమని చెప్పి ఆవిడ నడక మొదలుపెట్టేది. వెనక వాళ్లు.

ఇల్లు చూసే పద్ధతి ఒక్కటే. గుమ్మంలో ఓనరు నిలబడి గది గొప్పతనం చెబుతుండగా ఆవిడ పక్క నుంచి లోపలికి పోయి చాప పరిచేది. చాప అంచు ఎక్కడికొచ్చిందో కాలి బొటనవేలితో గుర్తు పెట్టుకుని, చాపని పల్టీ కొట్టించి పక్కన మళ్లీ పరిచేది. రెండు చాపలు పడి, ఇంకా తలుపు తెరుచుకోడానికీ పొయ్యి పెట్టుకోడానికీ చోటుంటే "ఇల్లే" అనేది. లేకపోతే "కొట్టు" అనేది, సామాన్లకే పనికొస్తుందని. అంతటితో అయ్యేది కాదు. ఆ చాప మీద వెల్లకిలా పడుకుని కళ్లు మూసుకునేది, ఒక టీ తాగేంతసేపు. ఓనరు ఎటు చూడాలో తెలీక ఫ్యాను వైపు చూసేవాడు. అప్పుడు లేచి తీర్పు చెప్పేది. "పక్కింటోళ్ల దగ్గు నా సెవిలోనే ఉంది." లేదా, "కాళ్లు జాపితే పొయ్యిలోకి ఎల్తాయి. పిల్లలున్నోళ్లకి పనికిరాదు."

మేము ఇల్లు మారినప్పుడు కూడా ఆవిడే వచ్చింది. ఓనరు రిటైరైన పెద్దమనిషి. వెనక గది పది బై పన్నెండు అన్నాడు. ఆవిడ చాప పల్టీ కొట్టించి, లేచి నిలబడి, "గోడలు కూడా కలిపి కొలిసేరేటండి?" అని అడిగింది.

"ప్లానులో అలాగే ఉందమ్మా."

"అయితే ప్లాను మీద తొంగుంటారేటండి ఈళ్లు?"

మా ఆవిడకి నవ్వు ఆగలేదు. ఆ ఇల్లు మాకు దక్కలేదు.

ఓనర్ల ఇళ్లలో ఆవిడ టీ కూడా తాగేది కాదు. "ఆళ్ల టీ తాగితే నోరు మెత్తబడిపోద్ది బావూ" అనేది. ఇల్లు కుదిర్చినందుకు ఏమైనా తీసుకుంటే అద్దెకు దిగినవాళ్ల దగ్గరే, వాళ్లు సర్దుకున్నాక, వాళ్లిచ్చినది.

అద్దెల విషయంలో ఆవిడకి సొంత చట్టం ఉండేది. పిల్లల పరీక్షలయ్యే వరకు ఓనరు అద్దె పెంచే మాట ఎత్తకూడదు. నెలలు నిండిన ఆడమనిషి ఉన్న ఇంట్లో ఎత్తకూడదు. కళాసీకి నడుం పట్టేసి మూల పడ్డ నెలలో అసలే ఎత్తకూడదు. మాట తప్పినవాడితో దెబ్బలాడేది కాదు. ఆ వీధిలోకి రావడం మానేసేది. నాలుగైదు నెలలు గది ఖాళీగా పడి ఉన్నాక ఆ ఓనరే వెతుక్కుంటూ వచ్చేవాడు.

ఆవిడకి రెండు చాపలున్నాయని నాకు చాలాకాలం తెలీదు. ఒకటి ఈతచాప, నాలుగడుగుల వెడల్పు, రావికమతం వైపు చుట్టాలు అల్లి ఇచ్చింది. ఇంకోటి తుంగచాప, ఉప్మాక తీర్థం తిరునాళ్లలో కొన్నది, మూడడుగులే. ఒకరోజు చంకలో ఉన్నది సన్నగా కనబడి అడిగాను.

"మనిసిని బట్టి సాప బావూ" అంది. "అద్దె గట్టిగా సెప్పే ఓనరు దగ్గరకి పెద్దది. గది సిన్నదైపోద్ది, ఆడి నోరూ సిన్నదవుద్ది. ఇంక ఎక్కడా దొరక్క, ఇదే గతి అని వచ్చినోళ్లకి సిన్నది."

"అది మోసం కాదా మామ్మా?"

"రాత్తిరికి ఎలాగూ ఇరుక్కునే తొంగుంటారు. పగలు కాసేపు పెద్ద ఇల్లనుకోనీ."

తర్వాత ఊరు జిల్లా కేంద్రమైంది. ఆఫీసులొచ్చాయి, ఉద్యోగులొచ్చారు, అద్దెలు పెరిగాయి. ఒక పోర్షను ఉన్నచోట ప్లైవుడ్ అడ్డం పెట్టి రెండు చేశారు, కొందరు మూడు చేశారు. గాలి లేదనీ, జ్వరాలనీ ఫిర్యాదులు పెరిగి, చివరికి కార్పొరేషన్ వాళ్లు పట్టణంలో అద్దెకిచ్చే గది కనీసం ఇంత ఉండాలని నిబంధన పెడదామనే వరకు వచ్చింది. చిత్తు కాగితంలో రెండు అంకెలున్నాయి. ఎనభై చదరపు అడుగులా, వందా. ఏదన్నది వార్డు సభలో జనం మాట విని తేలుస్తామన్నారు. సభకి చాపల మామ్మని కూడా పిలిచారు.

ఆవిడ ఉండేది ఒక బెల్లం వ్యాపారి ఇంట్లో, కింద, మెట్ల పక్క గదిలో. ఎనిమిది బై పది. అందులో సగం మీదికి మెట్ల వాలు దిగి ఉండేది. అద్దె నామమాత్రం. పొద్దునా సాయంత్రమూ మోటారు వేసి పై ట్యాంకు నింపేది, మీటరు చూసేవాళ్లొస్తే తలుపు తీసేది. పదిహేనేళ్ల పైమాటే అక్కడ.

సభకి ముందురోజు సాయంత్రం వార్త కోసం ఆవిడ మాట నాలుగు ముక్కలు రాసుకుందామని వెళ్లాను. మెట్ల మీద కూర్చుని మాట్లాడుతుంటే వ్యాపారి మార్కెట్ నుంచి వచ్చాడు. స్కూటరు స్టాండు వేసి, నాకు దండం పెట్టి, ఆవిడ వైపు తిరిగాడు.

"మామ్మా, రేపు సభకి వెళ్తున్నావట?"

"ఎల్తాను. రమ్మన్నారు మరి."

"ఎనభై అని తేలితే నీ గది నీకుంటుంది. వంద అంటే దానికి నేను తాళం వేసుకోవాలి. మెట్లు పడగొట్టి గది పెంచలేను కదా."

"తెలుసు బావూ."

"అయితే రేపు చిన్న చాప పట్టుకెళ్లు."

ఆవిడ ముందు నా వైపు చూసింది, నేను చెప్పానేమోనని. నేను తల అడ్డంగా ఊపాను.

"సిన్న సాప, పెద్ద సాప అని నీకెవరు సెప్పేరు?"

"పదిహేనేళ్లుగా మా పిట్టగోడ మీదే కదా ఆరేస్తున్నావు. బెల్లం దిమ్మ చూసి బరువు చెప్పేవాడిని, చాప చూసి వెడల్పు చెప్పలేనా?"

ఆవిడ నవ్వింది. "ఇదంతా నా గది కోసమేనేటి? పైన నువ్వు అడ్డం ఎట్టించిన ఎనిమిది గదుల కోసం కూడానా?"

ఆయనా నవ్వేశాడు. "రెండూను. అబద్ధం ఎందుకు? కానీ మామ్మా, ఇన్నేళ్లూ ఊరి కోసం పరిచావు. ఒక్కరోజు నీ కోసం పరుచుకుంటే నిన్నెవరంటారు?"

ట్యాంకు నిండిన చప్పుడైతే ఆవిడ లేచి మోటారు కట్టేయడానికి వెళ్లింది.

మర్నాడు కమ్యూనిటీ హాల్లో ఒక పక్క ఓనర్లు, ఇంకో పక్క అద్దెకుండేవాళ్లు కూర్చున్నారు. కార్పొరేషన్ ఇంజనీరు చిన్న వయసు అమ్మాయి. నేల మీద సుద్దముక్కతో రెండు గదుల ముగ్గు వేసి, ఒకదాని మధ్య ఎనభై, ఇంకోదాని మధ్య వంద అని రాసింది. తలుపు ఎక్కడుంటుందో కూడా గీసింది. చాపల మామ్మ అందరికన్నా ఆలస్యంగా వచ్చింది. వ్యాపారి, నేను ఇద్దరం ఒకేసారి ఆవిడ చంక వైపు చూశాం.

ఈతచాప. పెద్దది.

వ్యాపారి కుర్చీలో వెనక్కి జారబడ్డాడు.

ఆవిడ తిన్నగా ఎనభై ముగ్గులోకి నడిచి చాప పరిచింది, పల్టీ కొట్టించి మళ్లీ పరిచింది. ఎనిమిదడుగుల వెడల్పూ రెండు చాపలకే సరిపోయింది. అద్దెవాళ్లలోంచి ఒక కళాసీని పిలిచింది. బస్తాలు మోసి భుజాలు మందమైన మనిషి.

"మీ ఇంట్లో ఎంతమందిరా?"

"నాను, మా అమ్మ, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు."

"తొంగో."

వాడు సిగ్గుపడుతూ పడుకున్నాడు. వాడి తల్లి కూడా అక్కడే ఉంటే ఆవిణ్ని రెండో వైపు పడుకోబెట్టింది. మధ్యలో చేతులతో పిల్లల్ని చూపించింది. మిగిలిన పట్టీలో, "ఇది పొయ్యి, ఇక్కడ ఈడి పెళ్లాం" అంది. తర్వాత ఇంజనీరుతో, "అమ్మా, ఇప్పుడు తలుపు తియ్యి" అంది. ఆ అమ్మాయి సుద్దగీత దగ్గర నిలబడి తలుపులా చెయ్యి తిప్పింది. చెయ్యి కళాసీ తలకి తగిలింది. హాలంతా నవ్వింది.

"బజార్లో దొరికే చాప మూడడుగులేనమ్మా, అంత పెద్దది ఎక్కడిది?" అని ఓనర్లలోంచి ఒకాయన అరిచాడు.

"బజారు సాప ఒక మనిసికండి. మీ గదుల్లో ఒక సాప మీద ముగ్గురుంటారు."

ఈసారి నవ్వు అద్దెవాళ్ల వైపు నుంచే వచ్చింది. కానీ పడుకున్న కళాసీ లేచి కూర్చున్నాడు. వాడు నవ్వడం లేదు.

"అది సరే మామ్మా. గది పెద్దదైతే అద్దె పెద్దదవ్వదేటి? ఎవడు కడతాడు? నువ్వు కడతావేటి?"

హాలు చల్లబడింది. ఓనర్లు తలలూపారు. అసలు ప్రశ్న అదే. అంతవరకు దాన్ని ఎవరూ పైకి అనలేదు. ఆవిడ గొడుగు మీద ఆనుకుని ఇంజనీరు వైపు తిరిగింది.

"అమ్మా ఇంజనీరుగారూ, ఈడన్నది నిజం. కొలతొక్కటే రాత్తే ఓనరు అద్దె పెంచుతాడు, ఈడు రోడ్డు మీద పడతాడు. అద్దె ఒక్కటే రాత్తే ఓనరు గదిని ఇంకా కుదించేత్తాడు. రెండూ ఒకే కాయితం మీద ఉండాల. గది పెంచాల, ఉన్నోడికి ఉన్న అద్దే ఉండాల. ఎన్నాళ్లన్నది మీరు సెప్పండి. పెద్దోళ్లు."

ఇంజనీరు రాసుకుంది. అప్పుడు మా బెల్లం వ్యాపారి లేచాడు. ఆయన గొంతులో కోపం లేదు.

"నాదొక మనవి. కుటుంబాలకి వంద రాయండి, కాదనను. ఒంటరిగా ఉండేవాళ్లకి ఎనభై చాలని కూడా రాయండి. ఈ మామ్మలాంటి వాళ్లున్నారు. మీరు వందే అంటే ఈవిడ గదికే ముందు తాళం పడుతుంది."

ఆ సంగతి హాల్లో చాలామందికి తెలీదు. కళాసీ తల్లి, "ఓలమ్మా, నిజమేటి?" అంది. ఇంజనీరు మామ్మ వైపు తిరిగి, "అలా రాయొచ్చు. మీరేమంటారు?" అని అడిగింది.

సరే అంటే చాలు. అందరూ ఆ మాట కోసమే చూస్తున్నారు. ఎవరూ తప్పు పట్టేవారు కూడా కాదు. ఆవిడ వంగి చాప చుట్టడం మొదలుపెట్టింది.

"అలా రాయకండమ్మా. రేప్పొద్దున్నకి ఊళ్లో అందరూ ఒంటరోళ్లయిపోతారు. పెళ్లాం పుట్టింటికెల్లిందంటారు, తల్లి ఊళ్లో ఉందంటారు. కాయితం మీద ఒకడు, గదిలో ఐదుగురు. నాకెలా తెలుసంటే, అలా సెప్పించి నానే ఎంతమందినో దింపేను."

వంద అనే తేలింది. ఉన్నవాళ్లకి రెండేళ్లు పాత అద్దే ఉండాలని కూడా అదే కాగితంలో చేరింది.

కాగితం చెప్పినట్టే ఊరంతా నడిచిందని రాస్తే నేను రాసింది ఎవరూ నమ్మరు. కొందరు ప్లైవుడ్ పీకించారు. కొందరు అద్దెవాళ్లని పంపేసి గదుల్లో సామాను వేశారు. అలా వీధిన పడ్డవాళ్లలో ఇద్దరు ముగ్గురు మామ్మని మార్కెట్ గేటు దగ్గర నిలబెట్టి తిట్టారని విన్నాను. ఆవిడ ఎదురు చెప్పకుండా విని, వాళ్లకే మళ్లీ గదులు వెతికిందట. ఆ కళాసీకి మాత్రం రెండు గదులు కలిసి ఒకటయ్యాయి, పాత అద్దెకే. వ్యాపారి తన పై అంతస్తులో ఎనిమిదింటిని నాలుగు చేశాడు. కిందకొచ్చి ఆవిడతో, "నీ గది స్టోరురూమని రాయించుకుంటాను. నువ్వు అందులోనే ఉండు, ఎవరడుగుతారు?" అన్నాడట.

"నీ మోటారు ఎవరేత్తారని నీ బాధ" అందట ఆవిడ.

తీరా తన కోసం తిరగడం మొదలుపెడితే గది దొరకలేదు. ఆ వీధుల్లో ఓనర్లు చాలామంది ఆవిడ మీద మండిపడుతున్నారు. ఒకాయన గుమ్మంలోనే, "మా గది ప్లానులో వందుంది, నీ చాపకి చాలదేమో" అన్నాడట. దాదాపు రెండు నెలలు తిరిగింది. చివరికి రైల్వే గేటు అవతల, నాతవరం వైపు నుంచి వచ్చి ఇడ్లీలమ్ముకునే ఒకావిడతో కలిసి ఒక గదిలో చేరింది. కళాసీ తన తోపుడుబండి మీద సామాను చేరవేశాడు. ఒక్క ట్రిప్పుకే అయిపోయిందని చెప్పాడు.

వానలు మొదలయ్యాక ఒకరోజు చూడ్డానికి వెళ్లాను. ఇడ్లీల ఆవిడ మధ్యాహ్నం పప్పు రుబ్బించడానికి వెళ్లినట్టుంది, మామ్మ ఒక్కతే ఉంది. చిక్కిపోయింది. గది బాగానే ఉంది. రెండు కిటికీలు, కొత్తగా వేసిన సున్నం. ఎలా ఉందని అడిగితే ఫిర్యాదులు మొదలుపెట్టింది. రైలు చప్పుడు. పక్కావిడ గురక. రాత్రి నిద్రలో చెయ్యి జాపితే గోడ తగలడం లేదట, తగలకపోతే మెలకువ వచ్చేస్తోందట.

చాలా రోజులుగా అడగాలనుకున్నది అప్పుడు అడిగేశాను. "చిన్న చాప తెచ్చి ఉంటే మెట్ల పక్కనే ఉండేదానివి కదా మామ్మా. ఒక్కదానివి. నీకా గది సరిపోయేది."

"నన్ను ఎన్నాళ్ల నించి ఎరుగుదువు నువ్వు?"

"పదిహేనేళ్లు దాటింది."

"ఆ గది లోపలికి ఒక్కసారైనా వచ్చేవేటి?"

ఆలోచించాను. ఎప్పుడు వెళ్లినా మెట్ల మీదే మాట్లాడుకున్నాం. లోపల ఏ గోడకి ఏముందో నాకు తెలీదు.

"నానే పిలవలేదు" అంది ఆవిడ. "నువ్వొచ్చి కూకుంటే నాను బయట నిలబడాల. ఎవరొచ్చినా గుమ్మంలోంచే పంపించేసేను. మా సెల్లి కూతురు ఊర్నించొత్తే, మంచినీళ్లు కూడా మెట్ల మీదే. ఒంటరి మనిసికి ఎనబై సాలని ఆ బావు సభలో అన్నాడు సూడు, తొంగోడానికి సాలు. మరి మనిసొత్తేనో? ఈ ముక్క అందర్లో ఎలా సెప్తాం బావూ? నవ్వుతారు."

నేనింకా గుమ్మంలోనే, చెప్పులతోనే నిలబడి ఉన్నాను.

"రా, లోపలికి రా. కూకో" అంది. "గోడకి ఆనకు. కొత్త సున్నం, సొక్కాకి అంటుకుంటాది."